కల్లుపాకలో అన్నయ్య వంతు

వదినా, ముందుగా నా రాతను మన్నించండి. ఐదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ అనుమానమే. లేసు అల్లే సూది వంగినంత తేలిగ్గా నా చేతిలో కలం వంగదు. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. ఫోనులో చెప్పేద్దామనుకున్నాను గానీ మా వీధి చివర ఎస్.టి.డి. బూత్‌లో ఎప్పుడూ వెనక నలుగురు నిలబడి ఉంటారు. వాళ్ళు వింటుండగా నాకు ఇవన్నీ నోట రావు. మీరు బాబుని తీసుకుని అక్కడికి వెళ్ళాలనుకుంటున్నారు కనుక దారి, బస్సులు, ఖర్చు, అక్కడి మనుషులు అన్నీ రాస్తాను. క్యాసెట్‌లో ఏముందో కూడా రాస్తాను. అది మాత్రం దాని వరుసలో వచ్చినప్పుడే చెబుతాను. ముందే చెప్పేస్తే మిగతాది మీరు చదవలేరు.

అన్నయ్య సంవత్సరీకం రోజున మొగల్తూరు అవతలి నుంచి హార్మోనీ మాస్టారు వచ్చారు, గుర్తుంది కదా. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, రొయ్యల చెరువుల మీద పనిచేసినన్నాళ్ళూ అన్నయ్య ప్రతి శనివారం సాయంత్రం తమ ఊరి కల్లుపాకలో పాడేవాడని ఆయన చెప్పేదాకా మన ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్న ముందు అన్నయ్య నోరు విప్పేవాడు కాదు. పాట పట్టుకుంటే నాటకాల వెంట పోతాడని నాన్నకి భయం. చిన్నప్పుడు కాలవగట్టు మీద నన్ను బడికి తీసుకెళ్తూ పాడేవాడు. గొంతు మారాక అదీ మానేశాడు. బాబుని భుజాన వేసుకుని కూనిరాగం తీయడమే తప్ప గొంతెత్తి పాడగా మీరూ వినలేదన్నారు. అప్పుడే మాస్టారు క్యాసెట్ మాట ఎత్తారు. వాళ్ళ జట్టులోని సత్తిబాబు అనే ఆయన మస్కట్ వెళ్ళిపోతే, ఒక శనివారం అందరూ కలిసి టేపులో మాట్లాడి, పాడి పంపించారట. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఆ క్యాసెట్ తెచ్చి పాకలోనే వదిలి వెళ్ళాడట. "అందులో మీవాడు పాడాడమ్మా, బ్రహ్మాండంగా పాడాడు" అన్నారు మాస్టారు. నాన్న ఎలా మాట్లాడతాడు అని బాబు అడుగుతున్నాడని మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు ఆ మాటే చెవిలో తిరుగుతోంది. కాకినాడ నుంచి మీరు పసివాడితో అంత దూరం వచ్చేముందు నేనొకసారి వెళ్ళి చూసి రావాలనుకున్నాను.

కల్లుపాకకి వెళ్తానని మా అత్తగారితో ఎలా చెప్పను? మా ఆయనతోనే మూడు రోజులు చెప్పలేకపోయాను. చెప్పాక ఆయన "లేసు ముక్కలు నరసాపురంలో ఇవ్వాలన్నావుగా, శనివారం నేనూ వస్తాను" అని మాత్రం అన్నారు. చెరుకు కాటా దగ్గర పనిచేసే మనిషికి ఈ సీజనులో ఒక పూట సెలవు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. కాటా దగ్గర స్నేహితుడిని అడిగి టేపురికార్డరు కూడా తెచ్చారు. పాకలో టేపు చెడిపోయిందనీ, కరెంటు కూడా లేదనీ మాస్టారు ఆ రోజే చెప్పారు కదా. దాన్ని పాత దుప్పటిలో చుట్టి, పైన నా లేసు ముక్కలు పెట్టి సంచి కట్టాం. అత్తగారు గుమ్మంలో నిలబడి "లేసుకి ఇంత బరువేంటే ఆ సంచి?" అన్నారు. "దారం కండెలమ్మా, తిరిగిచ్చేవి" అని మా ఆయనే అన్నారు. ఆయన అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదటిసారి.

తణుకులో తొమ్మిదిన్నరకి నరసాపురం బస్సు ఎక్కాం. పెనుగొండ, మార్టేరు, పాలకొల్లు మీదుగా వెళ్తుంది. మనిషికి ఇరవై రూపాయల లోపే, రెండు గంటలు దాటుతుంది. మార్టేరు దాకా రోడ్డంతా చెరుకు బళ్ళే, బస్సు వాటి వెనక నడుచుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళింది. మీరు తణుకు రానక్కర్లేదు. కాకినాడలో అమలాపురం బస్సు ఎక్కి, అక్కడి నుంచి సఖినేటిపల్లి రేవుకి వచ్చేస్తే పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో దిగవచ్చు. పంటు ఎక్కితే బాబు సంబరపడతాడు. మోటారు సైకిళ్ళు, గడ్డి మోపులు, మేకలు అన్నీ దాని మీదే దాటుతాయి. అంచు దగ్గర మాత్రం నిలబడనివ్వకండి.

నరసాపురంలో లేసు ముక్కలు అప్పగించి, కొత్త దారం తీసుకున్నాం. ఇంటికి వెళ్ళాక చూపించాలి కదా. బస్టాండు ఎదుట సందులో ఒక మెస్ ఉంది, ఇద్దరు అక్కచెల్లెళ్ళు నడుపుతారు. పప్పు, చింతచిగురు రొయ్య, పెరుగు, భోజనం పద్దెనిమిది రూపాయలు. ఆడవాళ్ళకి లోపలి గదిలో వడ్డిస్తారు. నాకు ముద్ద దిగలేదు. వడ్డించే ఆవిడ చూసి "ఏంటమ్మా, వేవిళ్ళా?" అని అడిగింది. కాదని తల ఊపాను. "అయితే తినాలి మరి, వట్టి కడుపుతో బస్సులెక్కకూడదు" అని రెండోసారి పెరుగు వేసింది. పక్క కొట్లో టేపురికార్డరుకి కొత్త బ్యాటరీలు కొని, అక్కడే ఓ పాట పెట్టి చూసుకున్నాం.

మొగల్తూరుకి షేరు ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. అక్కడి నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో పాక ఇంకో మూడు మైళ్ళు. ఆ ముక్కకి మాత్రం ఆటో విడిగా మాట్లాడుకోవాలి. మేం మాట్లాడిన డ్రైవరు వయసు మళ్ళినవాడే. ఎక్కడికో చెప్పగానే వెనక్కి తిరిగి నన్నూ, మా ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏడుకొండలు పాకకా అండి? ఫ్యామిలీతోనా?"

"అవునండి" అన్నారు మా ఆయన.

"తాగడానికైతే మొగల్తూరులోనే మంచిది దొరుకుద్దండి. అంత దూరం ఎందుకు, ఆడమనిషిని ఎండలో తిప్పుకుంటా?"

"తాగడానికి కాదండి. పాట వినడానికి."

"ఆయ్, అలా చెప్పండి మరి. ఇయ్యాల శనివారం కదా, ఉంటాదండి పాట. నేనూ ఎల్తానండి అప్పుడప్పుడు. మా ఇంటావిడకి మాత్రం చర్చి పాటలని చెప్తాను." నవ్వి, ముందుకి తిరిగి మళ్ళీ అన్నాడు. "ఇదివరకు శ్రీను అని ఒకతను ఉండేవాడండి. మోటార్లు చూసే అతను. ఆయన పాడతంటే ఇనాలండి. ఇప్పుడు లేడు లెండి."

మా ఆయన నా చేతి మీద చెయ్యి వేశారు. ఆ డ్రైవరుకి మేమెవరమో చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని తర్వాత అనిపించింది. ముప్ఫై రూపాయలు మాట్లాడుకున్నాం, పాతికే తీసుకున్నాడు. తిరిగి చీకటి పడేలోపు రమ్మంటే వస్తానన్నాడు.

రోడ్డుకి ఒక పక్క కొబ్బరితోటలు, ఇంకో పక్క రొయ్యల చెరువులు. నీళ్ళలో చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి, గాలి అందడానికట. అన్నయ్య చూసిన మోటార్లు అలాంటివే. ఏ చెరువు దగ్గర కరెంటు కొట్టిందో నేను అడగలేదు. చెరువులు అయిపోయాక తాటితోపు, దాని మొదట్లో పాక. చుట్టూ తాటాకు తడికలు, మధ్యలో రెండు పొడుగాటి బల్లలు, నేల శుభ్రంగా పేడతో అలికి ఉంది. నేను అనుకున్నట్టు ఎవరూ పడిపోయి లేరు, బూతులు లేవు. పొద్దున దించిన కల్లు లొట్లు ఒక పక్క, మధ్యాహ్నానివి ఒక పక్క. వచ్చినవాళ్ళు తాటాకు దొప్పలు దోసిట్లో పట్టుకుని కూర్చుని ఉన్నారు, పెళ్ళిలో కాఫీకి కూర్చున్నట్టు.

పాక యజమాని ఏడుకొండలుగారు పొద్దున్నే తాళ్ళెక్కే మనిషి. అరచేతులు తాడి మట్ట అంత గరుకుగా ఉన్నాయి. సాయంత్రం డోలక్ ఆయనే వాయిస్తాడు. ఆయన భార్య మంగాయమ్మగారు వెనక వైపు చేపలు వేయిస్తుంది, తేగలు కాలుస్తుంది. మీరు వెళ్ళినప్పుడు కూడా ముందు వైపు నుంచి కాకుండా కుడి పక్క తడిక తలుపు నుంచి వెనక్కి వెళ్ళండి. ఆడవాళ్ళు అక్కడ కూర్చోవచ్చు. తడిక సందులోంచి ముందు జరిగేదంతా కనిపిస్తుంది, మనం ఎవరికీ కనిపించం. నేనెవరినో మా ఆయన చెప్పగానే మంగాయమ్మగారు చేతిలో అట్లకాడ కింద పెట్టేసి నా గడ్డం పట్టుకుంది.

"శ్రీను చెల్లెలివా? ముక్కు అదే. కూకో తల్లీ. ఆ అబ్బాయి వచ్చినప్పుడల్లా ఇదిగో ఈ పీట మీదే, నా పక్కనే కూకుని తేగలు తినేవాడు. పాడేముందు కల్లు ముట్టేవాడు కాదు. గొంతు జారుద్దనేవాడు."

మా ఆయన్ని ముందు బల్ల మీద కూర్చోబెట్టి దొప్ప పట్టించారు. అలవాటు లేదండి అంటే ఎవరో "తణుకు వాళ్ళు పంచదార నీళ్ళు తప్ప ఇంకోటి తాగరేంటండీ?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మొహమాటానికి ఒక గుక్క తాగి దగ్గారు, మళ్ళీ నవ్వారు. నాకూ మంగాయమ్మగారు పొద్దుటి తీపి కల్లు కొంచెం పోసి ఇచ్చింది. పెదవులకి తగిలించి పక్కన పెట్టాను. కొబ్బరినీళ్ళలో కొంచెం పొగ వాసన కలిపినట్టు ఉంటుంది.

నాలుగు దాటాక హార్మోనీ మాస్టారు వచ్చారు. మమ్మల్ని చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఏడుకొండలుగారు చూరులోంచి క్యాసెట్ తీశారు. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, దానికి దారం కట్టి ఉంది. పాకలో పాత టేపు చెడిపోయింది కాబట్టి మస్కట్ నుంచి వచ్చాక దాన్ని వాళ్ళలో ఎవరూ వినలేదట. "ఇయ్యాల మేమూ ఇంటామమ్మా" అన్నారు మాస్టారు. టేపురికార్డరు బల్ల మీద పెట్టారు. దొప్పలు పట్టుకుని అందరూ దగ్గరికి జరిగారు. తడిక ఇవతల నేను పమిట కొంగు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

మొదట ఏడుకొండలుగారి గొంతే వచ్చింది. "ఒరేయ్ సత్తిబాబూ, ఇన్నావా, మీ అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యిందిరా, బాగానే కనపడతందంట, నిన్నటేల నన్ను చూసి అప్పిచ్చినోణ్ణి గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది" అని. పాకలో నవ్వులు, టేపులోనూ నవ్వులు. తర్వాత "ఇప్పుడు పాటరా" అని వినిపించింది. హార్మోనీ మొదలైంది. టప్పుమని శబ్దం వచ్చింది. వెంటనే ఇంకొకరి గొంతు, "సత్తిబాబూ, మీ గేదె ఈనింది, పెయ్యదూడ" అని. ఆయన మాటలయ్యాక మళ్ళీ హార్మోనీ, డోలక్ మీద రెండు దెబ్బలు, మళ్ళీ టప్పు. ఇంకొకరి గొంతు. మా ఆయన టేపులో ఏదో ఇరుక్కుందనుకుని మూత మీద తట్టి చూశారు. నేను తడిక సందులోంచి ఏడుకొండలుగారి మొహం చూస్తున్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పుడే నాకు తెలిసిపోయింది.

నాలుగో గొంతు అన్నయ్యది. అక్కడ పలికింది పలికినట్టు రాస్తున్నాను. మూడుసార్లు విన్నాను కాబట్టి ఒక్క ముక్క కూడా పోదు. "సత్తిబాబూ, నేను శ్రీనుని. బాగున్నావా? నేను బాగానే ఉన్నాను. మా బాబు అడుగులేత్తన్నాడు. పడితే ఎంటనే ఏడవడు. ఎవరన్నా చూశారా అని ఇటూ అటూ చూసి, చూసినోళ్ళు ఉంటేనే ఏడుత్తాడు. మొన్న ఇంటికెళ్ళినప్పుడు చూశాను. ఇంకేం చెప్పను, మాటలు నాకు రావు కదా. పాడతాను, ఇను." తర్వాత మెల్లగా, పక్కకి తిరిగి అన్నట్టు, "మాస్టారూ, కొంచెం కిందికి ఇవ్వండి." హార్మోనీ ఒక మెట్టు కిందికి దిగింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా ఉంది. టప్పు.

తర్వాత ఎవరో రొయ్యల ధర చెబుతున్నారు. మా ఆయన టేపు ఆపేశారు.

"ఆ రోజు పాట కాడ ఎవడ్రా ఆపింది?" అన్నారు బల్ల చివర కూర్చున్న ముసలాయన. "ఎవడ్రా ఆ మీట నొక్కింది, అడుగుతన్నా కదా?"

"నేనే" అన్నారు ఏడుకొండలుగారు. "టేపు అరగంటే కదా, అందరి మాటలూ పట్టాలి. పాటకి వచ్చేసరికి ఆపేవాణ్ణి. పాటలు సత్తిబాబుకి తెలిసినయ్యే, పదేళ్ళు ఇక్కడ కూకుని ఇన్నయ్యే. కబుర్లయితే కొత్తయ్యి. అక్కడ ఒక్కడూ ఉంటాడు, ఇంటి కబుర్లు కావాలి కదా అనుకున్నాను. పాటదేముంది, శనివారం శనివారం ఉండేదే అనుకున్నాను."

ఆయన్ని ఎవరూ తిట్టలేదు. ఆ రోజు బల్ల చుట్టూ వీళ్ళందరూ ఉన్నారు, మీట వైపు ఎవరూ చూడలేదు, చూసినా ఎవరికీ అది తప్పనిపించేది కాదు. మస్కట్‌లో ఉన్న మనిషికి గేదె ఈనిన సంగతి పంపాలి గానీ తెలిసిన పాట పంపి టేపు దండగ చెయ్యడమేంటి అని నేనున్నా అనుకునేదాన్నేమో. కోపం తెచ్చుకుందామని చూశాను వదినా, రాలేదు. మంగాయమ్మగారితో, అన్నయ్య మాటలు ఇంకొకసారి పెట్టమని చెప్పించాను. పెట్టారు. ఇంకొకసారి అడిగాను. నాలుగోసారికి మా ఆయన తడిక దగ్గరికి వచ్చి, "చాలు, టేపు అరిగిపోతుంది. బాబుకి ఉండాలి కదా" అన్నారు.

కాసేపటికి ఏడుకొండలుగారు వెనక్కి వచ్చారు. నా వైపు చూడకుండా పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఆ రోజు శానాసేపు పాడాడమ్మా మీ అన్నయ్య. మీట నొక్కేసి, డోలక్ వాయించుకుంటా ఇన్నాను. కళ్ళు మూసుకుని ఇన్నాను."

"ఏం పాటండి?" అని అడిగాను. ఆ పాకలో పైకి వినిపించేలా నేను మాట్లాడిన మాట అదొక్కటే.

"పంటు పాటమ్మా. తనే కట్టుకున్నాడు. రేవు దాటే పంటులోన రెండు మూరల చోటు చాలు, ఇంటికెళ్ళే మనిషినయ్యా, ఇంత చోటు ఇయ్యరయ్యా. అలా ఉంటాది. మాటలే వచ్చు నాకు. వరస రాదు. వాయించేవాణ్ణి కదా, దెబ్బ మీదే ఉంటాది నా చెవి." రెండు వేళ్ళతో తడిక కర్ర మీద ఆ పాట దరువు మెల్లగా కొట్టి చూపించారు. అంతలోనే ఆపేసి, మంగాయమ్మగారు ఇచ్చిన చేపల పళ్ళెం పట్టుకుని ముందుకి వెళ్ళిపోయారు.

ఐదు గంటలకి పాట మొదలైంది. వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బల్ల మీద ఎక్కడ కూర్చున్నా సరే, ఎవరి వంతు ఎవరి తర్వాతో ఏళ్ళ తరబడి అదే వరస. వంతు వచ్చినవాడు దొప్ప కింద పెట్టి పాడాలి, అది అయ్యేదాకా మిగతావాళ్ళెవరూ దొప్ప నోటికి ఎత్తకూడదు. మొదట ముసలాయన ఒక నాటకం పద్యం అందుకున్నారు. పళ్ళు లేవు గానీ రాగం తెగలేదు. తర్వాత వలల పనివాడు ఒకతను పడవ పాట పాడాడు, అందరూ కలిసి వంత పాడారు. తాటాకులు గాలికి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు కూడా పాటలో కలిసిపోయింది. నాకు తెలియకుండానే పాదం కదులుతుంటే సిగ్గేసి చీర కిందికి లాక్కున్నాను.

మూడో వంతు దగ్గర మాస్టారు మెట్లు మార్చారు. ఒక మెట్టు కిందికి. డోలక్ ఒక్క ఆవర్తం మోగి ఆగింది. ఇందాక కర్ర మీద కొట్టిన దరువే అది. ఎవరూ పాడలేదు. దొప్పలు చేతుల్లో అలాగే ఉన్నాయి, ఎవరూ తాగలేదు. హార్మోనీ మీద ఆ ఒక్క స్వరం సాగుతూనే ఉంది. మంగాయమ్మగారు మూకుడు పొయ్యి మీంచి దించేసింది. ఆ నిశ్శబ్దంలో దూరంగా చెరువుల్లో చక్రాలు నీళ్ళు కొట్టే చప్పుడు వినిపించింది. ఒక పాట పట్టేంతసేపు అలా కూర్చున్నారు. ఆ తర్వాత మాస్టారు తలాడించి మళ్ళీ మెట్లు మార్చారు, నాలుగో మనిషి అందుకున్నాడు.

"అది శ్రీను వంతమ్మా" అంది మంగాయమ్మగారు చెవిలో. "పోయిన కాడి నుంచీ ఇంతే. మొదట్లో ఎవరో ఆ వంతులో పాడబోతే మా ఆయన వాయించనన్నాడు."

నేను ఏడుస్తానేమోనని ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఏడుపు రాలేదు. అప్పుడు రాలేదు. ఆటో వచ్చి హారన్ కొట్టినప్పుడు, క్యాసెట్ మాకిచ్చెయ్యమని అడగాలా వద్దా అని మా ఆయన నా వైపు చూశారు. అడగకముందే మాస్టారు దాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, దారం కట్టి, "పట్టుకెళ్ళండమ్మా" అని తడిక మీంచి అందించారు. నేను తీసుకోలేదు. మా ఇంట్లో ఎక్కడ దాచను? పైగా బాబు ఆ గొంతు మొదటిసారి అక్కడే వినాలనిపించింది. మీరు వచ్చినప్పుడు ఇమ్మని మంగాయమ్మగారి చేతికే ఇచ్చాను.

చీకటి పడే వేళకి నరసాపురం చేరి, ఏడు గంటల బస్సు ఎక్కాం. మార్టేరు దాటాక బస్సులో లైట్లు తీసేశారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మా ఆయన కిటికీ వైపు నన్ను జరిపి, ఎవరికీ కనబడకుండా అడ్డం కూర్చున్నారు. "పాడతాను, ఇను అన్నాడు కదా. వింటున్నాం అని ఎవరో ఒకరు అనాల్సింది" అన్నారు కాసేపటికి. ఇంటికి వెళ్ళగానే అత్తగారు నా కళ్ళు చూసి ఏమైందన్నారు. లేసుకి ధర తగ్గించారని చెప్పాను. "దానికింత ఏడుపెందుకే" అని తనే అన్నం పెట్టారు.

వదినా, మనం పాట కోసం ఎదురుచూశాం. పాట అందులో లేదు. ఆ సంగతి మీరు అక్కడ బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెలుసుకోకూడదనే ఇదంతా రాశాను. కానీ వాడు అడిగింది నాన్న ఎలా పాడతాడని కాదు, ఎలా మాట్లాడతాడని. అది ఉంది. వాడి నాన్న మాటలు రావంటూనే మాట్లాడిన నాలుగు మాటల్లో రెండు వాడి గురించే. పడితే ఇటూ అటూ చూసి ఏడ్చేవాడివంట అని వినగానే వాడు నవ్వుతాడు. ఆ నవ్వు ఆగేలోపు మీరు టేపు ఆపేయండి. ఆ తర్వాత వంతుల దాకా ఉండండి. మూడో వంతులో అంతమంది పెద్దవాళ్ళు దొప్పలు పట్టుకుని ఎందుకు ఊరుకున్నారో వాడికిప్పుడు తెలియదు. అయినా చూసి ఉండాలి. పాట పోయింది గానీ, దానికోసం ఉంచిన చోటు పోలేదు. రెండు మూరలైనా అది వాడిది.

వెళ్ళేటప్పుడు శనివారమే వెళ్ళండి, మిగతా రోజుల్లో మాస్టారు ఉండరు. తాటికల్లు ఉన్నన్నాళ్ళే పాక ఉంటుంది, ఎండాకాలం చివరికి పీకేస్తారు. టేపురికార్డరు మీరే తెచ్చుకోవాలి, బ్యాటరీలు నరసాపురంలో కొత్తవి కొనండి. క్యాసెట్ వెనక్కి తిప్పడానికి మీట నొక్కకండి, టేపు పాతది, తెగుతుంది. ఒక పెన్సిలు దూర్చి చేత్తో మెల్లగా తిప్పండి.

ఇది చదివాక పొయ్యిలో పెట్టెయ్యండి. మా అత్తగారి భయం ఒకటుంది గానీ, అందుకు కాదు. రేపు బాబుకి చదువు వస్తుంది. మీట ఎవరు నొక్కారో ఇందులో పేరుతో సహా రాశాను. ఆయన ఇప్పటికీ ఆ వంతులో డోలక్ వాయించి ఆపుతున్నారు, అది చాలు. టేపు అక్కడికి అయిపోయిందని మీరూ నేనూ ఒకే మాట చెబుదాం. కాలిపోయేదాకా దగ్గరే ఉండి చూడండి వదినా.